ఉత్తుత్తి రోగి

బస్సు డిపోలో ఇంజన్లు విప్పి బిగించే మేస్త్రీకి పొగబండి అన్న పేరు ఊరికే రాలేదు. రెంచీ కింద పెడితే చాలు, సిగరెట్టు వెలిగేది. దగ్గు ముదిరి, నాలుగు మెట్లెక్కితే ఊపిరందని స్థితి వచ్చాక మానేశాడు. పొగ పోయింది గానీ పేరు పోలేదు.

మానిపించిన డాక్టరమ్మే ఆయన్నొక సాయం అడిగింది. పొగ మానాలనుకునేవాళ్ళతో ఎలా మాట్లాడాలో ఆసుపత్రిలో నర్సులకు నేర్పుతోంది. ఎవరో ఒకరు రోగిలా కూర్చోవాలి. "మీకు తెలియని సాకులుండవు కదా!" అంది.

భార్యకు నచ్చలేదు. "కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే."

"ఉత్తుత్తికే కదే!"

"దగ్గు మళ్ళీ మొదలైతే అది ఉత్తుత్తిది కాదు. ఈసారి ఊపిరితిత్తులు ఓర్చుకోవని ఆవిడే చెప్పిందిగా."

సిగరెట్టుకు బదులు పెన్ను పట్టుకుంటే సరిపోతుందని డాక్టరమ్మ అంది. మేస్త్రీ వినలేదు. చేసే పనేదైనా సరిగ్గా చేయాలి. నిజం సిగరెట్టే ఒకటి కొని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కొంపముంచింది అదే.

క్లాసులు జరుగుతున్నకొద్దీ ఆ జేబు బరువెక్కింది. ఒక నర్సు ఊపిరితిత్తులు నల్లబడతాయని బెదిరించింది.

"మా తాత తొంభై ఏళ్ళు తాగుతూనే బతికాడమ్మా!"

"ఉయ్యాల్లోనే మొదలెట్టాడా?"

అందరూ నవ్వారు. మేస్త్రీ కూడా నవ్వాడు. మోకాలు మాత్రం ఆగకుండా ఊగుతోంది. "ఆ కాలు ఊపడం చూడండి, ఎంత సహజంగా చేస్తున్నారో!" అని డాక్టరమ్మ మెచ్చుకుంది. తాను ఊపడం లేదు, అదే ఊగుతోంది. ఆ కాలిని చేత్తో అదిమిపెట్టాడు.

బయట వరండాలో మందుల బండి కీచుమంటూ అటూ ఇటూ తిరుగుతోంది. ఆ చప్పుడుకు పళ్ళు జివ్వుమంటున్నాయి. క్లాసు అవగానే వెనక గేటు దగ్గరికి వెళ్ళాలి. అక్కడ ఆంబులెన్సు డ్రైవర్లెవరో ఉంటారు. నిప్పడిగితే ఇవ్వకపోరు. ఒక్కటే. ఒక్కదానికేమవుతుంది?

చివరగా, కొత్తగా చేరిన నర్సు వచ్చి ఎదురుగా కూర్చుంది. ముందు ఆయన చేతినే గమనించింది.

"బాబాయ్, మీ చెయ్యి ఇందాకట్నుంచీ జేబు దగ్గరికే పోతోంది. ఇప్పుడు నిజంగానే తాగాలనుందా?"

సాకు కోసం వెతికాడు. ఒక్కటీ దొరకలేదు.

"ఉంది."

"భలే చేస్తున్నారు, కానివ్వండి," అంది వెనకనుంచి డాక్టరమ్మ. నర్సు అటు తిరగలేదు.

"ఎప్పట్నుంచి?"

"ఇది కొన్నప్పట్నుంచి."

"డిపోలో కూడా ఇలాగే ఉంటుందా?"

"అక్కడ చేతినిండా గ్రీజే కదా, గుర్తే రాదు. ఇక్కడ చేతులు ఖాళీగా పెట్టి, పొద్దస్తమానం దాని ముచ్చటే."

ఇది నటన కాదని డాక్టరమ్మకు అప్పుడర్థమైంది.

"ఆ సిగరెట్టు నాకిస్తారా?" అంది నర్సు.

"ఇవ్వాల్సిందేనా?"

"బలవంతం లేదు. ఇవ్వకపోతే రేపు మళ్ళీ అడుగుతాను, అంతే."

మేస్త్రీ దాన్ని తీసి బల్ల మీద పెట్టాడు. వేళ్ళు వదలడానికి కాస్త టైం పట్టింది.

"పొరపాటు నాదే. ఇక మీరు రావద్దులెండి," అంది డాక్టరమ్మ నొచ్చుకుంటూ.

"వస్తానమ్మా. కానీ ఖాళీ చేతుల్తో కూర్చోను. కీచుమంటున్న ఆ మందుల బండి చక్రం బాగుచేస్తూ ఎన్ని సాకులైనా చెబుతా."

వరండాలోకి వెళ్ళి బండిని పక్కకు వంచాడు. వదులైన నట్టు వేళ్ళతోనే ఊడొచ్చింది. లోపల వాషరు అరిగిపోయింది. కొలతకు సరిపడేది తేవాలని దాన్ని జేబులో వేసుకుని, నట్టు తిరిగి బిగించాడు.

ఇంటిదారిలో సిగరెట్లమ్మే కొట్టు ఎదురైంది. మేస్త్రీ చెయ్యి అలవాటుగా జేబులోకి పోయింది. వేళ్ళకు వాషరు తగిలింది. దాన్ని తిప్పుతూ, తిప్పుతూ, కొట్టు వైపు చూడకుండా అడుగులు వేగంగా వేశాడు. సిగరెట్టు వైపు గుంజుడు ఆగలేదు. ఆయనా ఆగలేదు.