మస్తాన్ ఆయిల్ పోశాడు

నిన్న పొద్దున కాఫీ తాగుతుంటే మా మనవరాలు శిరీష ఫోన్ పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది.

"ఏందమ్మా?" అన్నాను.

"గురజాల మస్తాన్ తాత పోయాడంట తాతయ్యా."

గ్లాసు కింద పెట్టాను. మళ్ళీ ఎత్తలేదు.

మొన్న శుక్రవారమే ఫోన్లో మాట్లాడాడు. మోకాళ్ళు అరిగాయి, బేరింగులు మార్పించుకుంటానని నవ్వాడు. ఇద్దరికీ తొంభై దాటి చాలా ఏళ్ళయింది. ఎప్పుడో ఒకప్పుడు తప్పదని తెలుసు. తెలిసినా నమ్మబుద్ధి కాలేదు.

సాయంత్రం మన ఊరు గురజాల వెళ్ళి, వాడి మీద మూడు పిడికిళ్ళ మట్టి వేసి వచ్చాను.

ఈ రోజు నాలుగు మాటలు రాయించి ఊరుకుందామనుకున్నా. కానీ మన ఊరి గ్రూపులో వాడి ఫోటో కింద ఒకాయన కామెంట్ పెట్టాడు. "మిల్లు ఇంజను చంపిన మస్తానేనా?" అని. పక్కన నవ్వు బొమ్మ.

ఆయన పేరు చెప్పను. వాళ్ళ తాత చెప్పింది విని రాసి ఉంటాడు.

కానీ నేను బతికుండగా ఆ మాట ఇంకెవరూ అనడానికి వీల్లేదు. నేను చెబుతున్నాను, శిరీష టైప్ చేస్తోంది. పొడుగైనా చదవండి.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు. మాకు పద్దెనిమిదేళ్ళు. ఊళ్ళో కరెంటు అంటే ఒక్క రైస్ మిల్లులోనే. మిలిటరీ వాళ్ళు వదిలేసిన డీజిల్ జెనరేటర్‌ని షావుకారు మద్రాసు వేలంలో కొని తెచ్చాడు. దానికి ఆయిల్ పోసి, తుడిచి, హ్యాండిల్ తిప్పేది మస్తాన్. ఇంజను చల్లగా ఉండడానికి పెట్టిన డ్రమ్ములోకి బావి నుంచి కావడితో నీళ్ళు మోసేది నేను.

ఒకరోజు ఇంజను మూలిగి ఆగిపోయింది. పిస్టన్ వేడికి కదలకుండా పట్టేసింది. మిల్లు మేస్త్రి ముందూ వెనకా చూడకుండా "ఆయిల్ పొయ్యలేదు వీడు" అన్నాడు. షావుకారు మస్తాన్‌ని గేటు బయటికి నెట్టించాడు. ఇంజనుని ఊక కుప్ప వెనక పారేయించాడు.

వారం తర్వాత మస్తాన్ ఎడ్లబండి కట్టించుకుని వచ్చాడు. "ఆ చచ్చిన ఇంజను నాకియ్యండి" అని అడిగాడు. షావుకారు నవ్వి, తీసుకుపొమ్మన్నాడు.

వాళ్ళ నాన్న ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాడు. ఇంటి పక్కన రేకుల కొట్టం. అందులో ఒక మూల కొలిమి, ఇంకో మూల ఈ ఇంజను.

సాయంత్రాలు పని అయ్యాక నేనూ వెళ్ళేవాణ్ణి. విప్పి చూస్తే సిలిండర్ చుట్టూ నీళ్ళు తిరగాల్సిన దారంతా మూసుకుపోయి ఉంది. వేలు మందాన తెల్లటి పెచ్చు. మస్తాన్ కాస్త గీకి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాడు.

"ఒరేయ్ కోటిగా, ఇది మీ ఇంట్లో నీళ్ళ కాగులో ఉండేదే గదరా."

అదే. మా బావి నీళ్ళు సున్నపు రాతి మీద ఊరిన నీళ్ళు. ప్రతి ఇంట్లో కాగుకి ఆ పెచ్చు కడుతుంది, చింతపండు పెట్టి తోముతాం. రోజూ కళ్ళముందు ఉండేదే కాబట్టి, ఇంజను కూడా ఆ నీళ్ళే తాగుతోందని ఒక్కడికీ తట్టలేదు.

"ఆ నీళ్ళు మోసింది నేనే గదరా" అన్నాను.

"మోశావు. నువ్వు చేశావంట్రా నీళ్ళు? పోయి చింతపండు పట్రా."

నెల రోజులు అదే పని. చింతపండు మరిగించి ఆ రసం ఇంజను నీళ్ళ దారిలో పోయడం, మర్నాడు వంచేయడం. పిస్టన్‌ని కిరసనాయిల్లో నానబెట్టి, చెక్క ముక్క అడ్డం పెట్టి సుత్తితో మెల్లగా కొట్టడం. వాళ్ళమ్మ వీధిలో కనబడ్డ వాళ్ళందరికీ చెప్పేది, "మా ఇంట్లో పులుసు మనుషులకి లేదమ్మా, ఇనుముకే" అని.

ఇక బావి నీళ్ళు ముట్టనన్నాడు. వాన పడ్డ రోజు, ఊరి వాళ్ళు కళాయికి ఇచ్చిన బిందెలన్నీ చూరు కింద వరసగా పెట్టేశాడు. బిందెల కోసం వచ్చిన ఆడవాళ్ళు తిట్టిన తిట్లు ఇక్కడ రాయించలేను. శిరీష టైప్ చేయనంటోంది.

ఒక మధ్యాహ్నం మేస్త్రిని పిలుచుకొచ్చి హ్యాండిల్ తిప్పాడు. మూడోసారికి ఇంజను దగ్గి, నల్ల పొగ కక్కి, అందుకుంది. పట్టపగలు కొట్టంలో బల్బు వెలిగింది. జనం ఎండలో నిలబడి బల్బుని చూశారు.

మేస్త్రి డ్రమ్ములోకి తొంగి చూశాడు. "వాన నీళ్ళు పోస్తే ఏ ఇంజనైనా తిరుగుద్ది."

"మరి ఆయిల్ సంగతేంది మేస్త్రీ?" అన్నాడు మస్తాన్.

మేస్త్రి కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత షావుకారు మనిషిని పంపాడు. ఇంజను తిరిగి ఇస్తే ఉద్యోగం ఇస్తానని. మస్తాన్ ఒకటే అన్నాడు, "తప్పు నాది గాదని మిల్లు గేటు కాడ చెప్పమను. ఇంజను నేనే తోసుకొస్తా."

షావుకారు చెప్పలేదు. వీడు ఇవ్వలేదు. ఆ ఇంజను ఇప్పటికీ ఆ కొట్టంలోనే ఉంది. గీకిన పెచ్చు ముక్క ఒకటి పొడుం డబ్బాలో దాచాడు, నిన్న వాళ్ళబ్బాయి చూపించాడు. అనుమానం ఉన్నవాళ్ళు వెళ్ళి చూసుకోండి.

ఇక నా సంగతి.

ఇంజను ఆగిన రోజు పొద్దున మస్తాన్ ఆయిల్ పోస్తుంటే కావడి దించి పక్కనే నిలబడ్డాను. మేస్త్రి ఆ మాట అన్నప్పుడూ అక్కడే ఉన్నాను. నా పని కూడా పోతుందని నోరు మూసుకున్నాను.

నేను చూశానని వాడికి తెలుసు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి, నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు షావుకారు లేడు, మేస్త్రి లేడు, మిల్లూ లేదు. సాక్షిని నేనొక్కణ్ణే మిగిలాను. కామెంట్ పెట్టిన బాబూ, నువ్వూ విను.

మస్తాన్ ఆయిల్ పోశాడు. నేను చూశాను.

ఒరేయ్ మస్తానూ, గేటు కాడ చెప్పాల్సిన మాట ఇప్పుడు చెప్పా. చానా ఆలస్యమైంది.

ఇక హాయిగా పడుకోరా. నీ మీద వాన నీళ్ళే పడాలి.