పగలని బల్బుల పద్దు

మొన్నొక రోజు శ్రీనగర్ కాలనీ నుంచి షేక్‌పేటకు ఆటోలో వెళుతుంటే, ఫిల్మ్ నగర్ మలుపు దాటాక బళ్ళన్నీ ఆగిపోయాయి. తల బయటపెట్టి చూస్తే, షూటింగు లైట్లు మోసుకెళ్ళే లారీ ఒకటి స్పీడ్ బ్రేకర్ మీదికి ముందు చక్రాలు మెల్లగా ఎక్కించి, మెల్లగా దించి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు వెనక చక్రాల పని మొదలుపెట్టింది. దాని వెనక కార్లవాళ్ళు హారన్లతో చెవులు చిల్లులు పొడుస్తున్నారు. మా ఆటో డ్రైవరు "ఏంది మేడమ్ గిది, కొత్త పెండ్లికూతురు గడప దాటినట్టు దాటుతుండు" అని విసుక్కున్నాడు. నాకు విసుగు రాలేదు సరికదా, కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ నడక నేనెరిగినదే. దాని కోసం ఒకప్పుడు నా ఉద్యోగం మీదికే తెచ్చుకున్నాను.

ఆ రోజుల్లో ఫిల్మ్ నగర్‌లో ఉద్యోగాలు చేసిన నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఇన్ని అద్దాల మేడలు లేనప్పుడు, బండరాళ్ళ మధ్య రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుని బోర్డు పెడితే అదే ఆఫీసు. షూటింగులకు లైట్లు, జనరేటర్లు అద్దెకిచ్చే అలాంటి ఒక కంపెనీలో నేను లెక్కలు చూసేదాన్ని. డ్రైవర్లు ఎదురుగా లెక్కలమ్మ అనేవాళ్ళు, వెనక పిసినారమ్మ అనేవాళ్ళు, రెండోది నాకు తెలియదనుకునేవాళ్ళు. వచ్చిన కవర్లు చింపి, తిరగేసి, అంటించి వాడే మనిషిని మరేమంటారు?

ఒక ఏడాది వేసవిలో మా డ్రైవర్లు ఒక్కొక్కరే జారిపోవడం మొదలుపెట్టారు. అద్దె కార్ల కంపెనీలవాళ్ళు ఎక్కువ జీతం ఇస్తామంటే ఇద్దరు వెళ్ళిపోయారు. మూడో మనిషిగా వచ్చి నా బల్ల ముందు నిలబడింది పెద్ద డ్రైవరు. షేక్‌పేట పాత ఊళ్ళో పుట్టిన మనిషి, మా యజమాని మొదటి బండి కొన్ననాటి నుంచీ ఉన్నవాడు. కూతురిచేత రాయించుకొచ్చిన రాజీనామా కాగితం చొక్కా జేబులోంచి తీసి చూపించి, నెలాఖరున ఇస్తానని మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఆయన పోతే మిగిలినవాళ్ళు ఆగరని, బళ్ళు కదలకపోతే కంపెనీ మూతేనని మా అందరికీ తెలుసు.

యజమాని అప్పటికే ఇంట్లో బంగారం కుదువబెట్టి కొత్త లైట్లు కొన్నారు. నన్ను పిలిచి, "డ్రైవర్లకు ఏదైనా బహుమానం పథకం పెట్టి నిలబెట్టండమ్మా. కానీ ఈ ఏడాది బడ్జెట్ మీద పైసా ఎక్కువ అడక్కండి" అన్నారు. అంటే అత్త సొమ్ము లేకుండానే అల్లుడు దానం చెయ్యాలన్నమాట. అయినా పొదుపులో నన్ను మించినవాళ్ళు లేరన్న గర్వంతో సరేనన్నాను.

సినిమా ముహూర్తం రోజున నిర్మాతలకు మేము పంపే గజమాలలు, శాలువాల ఖర్చును సగానికి కోసేశాను. ఆ డబ్బుతో, నెలంతా అందరికంటే ముందు లొకేషన్‌కు చేరిన డ్రైవరుకు బహుమానమని నోటీసు అంటించాను. మా పనిలో అది సబబుగానే తోచింది. ఆర్టిస్టు దిగేసరికి లైట్లు వెలిగి ఉండాలి కదా! పెద్ద డ్రైవరు ఆ నోటీసు చదివించుకుని, ఒక నవ్వు నవ్వి వెళ్ళిపోయాడు. ఆ నవ్వుకు అర్థం నెలాఖరుకు గాని నాకు తెలియలేదు. బళ్ళన్నీ గంట ముందే చేరాయి, లోపల బల్బులు మాత్రం ముక్కలుముక్కలుగా చేరాయి. ఒక్కో పెద్ద బల్బు ఖరీదు ఒక డ్రైవరు నెల జీతం కంటే ఎక్కువ. యజమాని కొత్త బల్బుల బిల్లు తెచ్చి నా బల్ల మీద పెట్టి వెళ్ళారు. తిట్టినా బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

పథకం ఎత్తేస్తానని చెబుదామనుకుంటుంటే పెద్ద డ్రైవరే వచ్చాడు. "ఆఫీసుల కూసోని బండి నడిపిస్తే గిట్లనే అయితది మేడమ్. ఒక్క దినం నాతోని రాండ్రి" అన్నాడు. పదకొండేళ్ళు ఆ బళ్ళ డీజిలు లెక్క రాశాను గాని, ఒక్కసారీ వాటిలో ఎక్కిన పాపాన పోలేదు. మర్నాడు పొద్దున్నే చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని లారీ ఎక్కాను. జూబ్లీహిల్స్ దిగువ దారిలో ఆయన రేడియో ఆపి, "జర చెవి పెట్టి వినుండ్రి" అన్నాడు. వెనక ఎక్కడో సన్నగా గాజు చప్పుడు. బండి పక్కకు ఆపి, దిగి, ఏ పెట్టె కదులుతోందో వెతికి పట్టుకుని, సందులో తన భార్య పాత చీర ముక్క కుక్కి వచ్చాడు. ఆ చీర ముక్కలు ఇన్నేళ్ళూ ఆయన ఇంటినుంచి తెచ్చుకుంటున్నవే.

"మీరేమో ఉరకమన్నరు. గాజుకేమెరుక మేడమ్, మీ నోటీసు?" అన్నాడు. సిగ్గుతో తల దించుకున్నాను.

దించిన తలలోనే ఆలోచన వచ్చింది. ప్రతి ఏడాదీ బడ్జెట్‌లో పగిలే బల్బుల కోసమని నేనే కొంత డబ్బు తీసిపెట్టేదాన్ని, అది ఖర్చయి తీరుతుందని నమ్మేదాన్ని. ఆ పద్దులో మిగిలినదంతా డ్రైవర్లదే అంటే? ఆయన బండి నడుపుతూనే విని, "ఒక్కనికిస్తే మిగిలినోళ్ళు మళ్ళ ఉరుకుతరు. అందరికి సమానంగ పంచుండ్రి" అన్నాడు. దసరా దాకా ఆగి చూస్తానని కూడా అన్నాడు. యజమానికి నమ్మకం కలగలేదు. దసరాకు ఏమీ మిగలకపోతే నేనే మానేస్తానని నోరు జారాను. ఆ మూడు నెలలూ గోడౌన్‌లో ఫోను మోగితే, ఎన్ని పగిలాయోనని పద్దు పుస్తకం పట్టుకుని పరుగెత్తేదాన్ని.

రెండే రెండు బల్బులు పగిలాయి.

దసరా ఆయుధపూజకు బళ్ళన్నీ కడిగి, బంతిపూలు కట్టి, వరసగా నిలబెట్టారు. నేను కొత్త కవర్లే కొన్నాను, అదే ఒక వింతగా చెప్పుకున్నారు. డబ్బు అందరికీ సమానంగా పంచి, లైట్లకు కూడా బొట్టు పెడదామని పెద్ద లైటు పెట్టె మూత తీస్తే, గాజుకీ చట్రానికీ మధ్య చీర ముక్కతో పాటు ఒక మడత కాగితం కనిపించింది. విప్పి చూస్తే ఆయన రాజీనామా. నేను ఆయన వంక చూస్తే, "సందు సరిపోయింది మేడమ్, ఉంచుండ్రి" అని గుమ్మడికాయ కొట్టడానికి వెళ్ళిపోయాడు. అందరి ముందే ఏడ్చాను.

ఆయన ఇప్పుడు లేడు. కొత్తవాళ్ళందరికీ చెవి పెట్టి వినడం నేర్పి మరీ వెళ్ళాడు. మొన్న ఆ లారీ మీద మా పాత కంపెనీ పేరు చూసి, ఆటో దిగాక మనసాగక, ఇప్పుడు కంపెనీ చూస్తున్న మా యజమాని కూతురికి ఫోను చేశాను. గాజు బల్బులు ఎప్పుడో పోయాయట, అన్నీ చిన్న చిన్న దీపాలు పొదిగిన పలకల్లాంటి ఎల్‌ఈడీ లైట్లేనట, పగలడానికి ఏమీ లేదట. "కానీ ఆంటీ, మీ పద్దు మాత్రం అలాగే ఉంది. ఆడిటర్ తీసేయమంటాడు, నేను తియ్యను. దసరాకు ఎప్పటిలాగే పంచుతాం" అంది.

మన కాలంలో ఉన్నవి చాలా పోయాయి. ఆ రెండు గదుల ఆఫీసులు పోయాయి, పక్కవాడి బండి కోసం ఒక్క నిమిషం ఆగే ఓపిక కూడా పోయిందని నేనే రోజుకోసారి సణుగుతుంటాను. అలా సణగబోయినప్పుడల్లా ఇప్పుడు ఆ లారీ గుర్తొస్తుంది. లోపల గాజు లేదని ఆ డ్రైవరుకు తెలుసు. అయినా వెనక చక్రాలు కూడా మెల్లగానే దించాడు.