నేను సాక్ష్యం చెప్పిన ఆదివారం

ఇరవై మూడేళ్ళ వయసులో నాకు తెలియని సంగతంటూ లేదు. ఆ తర్వాతే ఒక్కొక్కటీ తెలియకుండా పోతూ వచ్చాయి. రాష్ట్రం విడిపోయిన కొత్తలో, ఎమ్మెస్సీ పట్టా చేతికొచ్చీ రాగానే, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే ఉద్యోగం దొరికింది. పొద్దున జమ్మలమడుగు బ్రాంచి, మధ్యాహ్నం ప్రొద్దుటూరు బ్రాంచి, మధ్యలో బస్సు. ఆ బస్సులో నిలబడి కూడా పక్కవాడికి భూమి ఎట్లా పుట్టిందో వివరించేవాణ్ణి (అతను కండక్టరైతే చిల్లర ఇవ్వకుండా తప్పుకునేవాడు). దేవుడు లేడని నేను కనిపెట్టినట్టే ఉండేది నా వాలకం.

పెళ్ళికాని కుర్రాళ్ళకు ఇల్లివ్వడానికి జమ్మలమడుగులో అందరూ వెనకాడుతుంటే, మోటార్ల మామ ఒక్కడే తన మిద్దె మీది గది ఇచ్చాడు. కాలిపోయిన బోరు మోటార్లకు మళ్ళీ రాగితీగ చుట్టడం ఆయన పని. చేతులకు ఎప్పుడూ వార్నిష్ వాసన, నోట ఎప్పుడూ స్తోత్రం. ఆయన భార్యను నేను అత్తా అని పిలిచేవాణ్ణి. గది మాత్రమే ఇస్తామన్నారు గానీ, మూడో రోజు నుంచే అత్త కిందికి పిలిచి రాగిసంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టడం మొదలుపెట్టింది. నేను వాళ్ళ సంగటి తింటూ వాళ్ళ దేవుడి మీద దండయాత్ర చేసేవాణ్ణి. మామ దానికి నొచ్చుకునేవాడు కాదు సరికదా, సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి వసారాలో కుర్చీ వేసి ఉంచేవాడు.

“ఏం సైన్సు సారూ, కరెంటు కంటికి కనపడ్తాదా?” అనేవాడు. “కనపడకపోతేనేం మామా, మీటర్ పెట్టి కొలుస్తాం గదా. నీ దేవునికి మీటర్ యాడుండాది?” అనేవాణ్ణి. “మీటర్ ల్యా అప్పా. షాక్ మాత్రం ఉండాది. ముట్టుకున్నోనికే తెలుస్తాది” అనేవాడు. నేను పరిణామం అంటే ఆయన పరలోకం అనేవాడు. నేను నక్షత్రాల దూరం చెబితే, “అంత దూరం చేసినోడు ఎంత పెద్దోడో సూడు” అని నా లెక్కనే తన వైపు తిప్పుకునేవాడు. వంటింట్లోంచి అత్త, “ఇద్దరూ గమ్మునుండి తినండి, సంగటి సల్లారిపోతాంది” అంటే తప్ప ఆ వాదం ఆగేది కాదు. అట్లా రెండేళ్ళు గడిచాయి, ఎవరమూ అంగుళం జరగలేదు.

ఒక గురువారం నాకు విసుగొచ్చింది. లేచి నిలబడి, “మాటలు శానా అయినాయి మామా. నాకు సాక్ష్యం కావాల. సాక్ష్యం సంగతైతే ఎవురి ముందరైనా నిలబడి మాట్లాడతా” అన్నాను. మామ చేతిలో గ్లాసు ఆగిపోయింది. “ఏమంటివి? సాక్ష్యమా? నిలబడి మాట్లాడతావా? సంఘం ముందరైనా?” అన్నాడు. “సంఘం ముందరైతే ఇంకా మేలు” అన్నాను ఛాతీ విరుచుకుని. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఓటమి భయం అనుకున్నాను. (పాఠకులు నన్ను క్షమించాలి. ఫిజిక్సులో సాక్ష్యమంటే రుజువు. చర్చిలో సాక్ష్యం చెప్పడమంటే, దేవుడు తన బతుకులో చేసిన మేలును అందరి ముందూ లేచి చెప్పుకోవడం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలుగు మాట్లాడుతున్న నాకు ఆ రెండో అర్థం తెలియదు.) “పాస్టరయ్యకు ఇప్పుడే ఫోన్ చేస్తాండా” అని మామ లోపలికి పరుగెత్తాడు.

నేను మాత్రం బహిరంగ చర్చ ఖాయమైందనుకున్నాను. తాడో పేడో తేలిపోవాలని మూడు రాత్రులు కూర్చుని నోటుబుక్కులో ఏడు ప్రశ్నలు రాసుకున్నాను. మధ్యలో ఒక్కసారి, నాలుగు గోడల మధ్య వాదించడం వేరు, ఆయన ఏళ్ళ తరబడి ప్రార్థన చేసుకుంటున్న చోటికి పోయి ఆయన్ని పదిమందిలో ఓడించడం వేరు కదా అనిపించకపోలేదు. గెలిస్తే మామ మొహం ఎట్లా చూడాలి? అత్త మళ్ళీ అన్నానికి పిలుస్తుందా? ఆ గది, ఆ కుర్చీ పోతే నాకా ఊళ్ళో ఇంకెవరూ లేరు. అయినా సత్యం ముందు సంగటి ఎంత అని నాకు నేనే సర్దిచెప్పుకుని ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను.

ఆదివారం చర్చిలో ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు. నేను రాగానే అందరూ నవ్వుతూ వందనాలు చెప్పారు. ప్రత్యర్థులకు ఇంత మర్యాదేమిటా అనుకున్నాను. పాటలయ్యాక పాస్టరయ్య మైకు తీసుకుని, “ఎవరి కోసమైతే మన మోటార్ల బ్రదర్ రెండేండ్లుగా కన్నీళ్ళతో ప్రార్థించినాడో, ఆ యవ్వనస్థుడు ఈ దినం మన మధ్య సాక్ష్యం చెప్పబోతున్నాడు” అన్నాడు. చప్పట్లు మోగాయి. నాకేదో తేడా కొట్టింది గానీ, మైకు అప్పటికే చేతిలో ఉంది.

“నాకు చిన్నప్పటి నుంచీ ఏ దేవుని మీదా నమ్మకం లేదు” అని మొదలుపెట్టాను. “స్తోత్రం!” అన్నారు జనం. నేను బిత్తరపోయి, “ఎన్నో పుస్తకాలు చదివినా. యాడా రుజువు దొరకలే” అన్నాను. “యేసయ్యా!” అని ఒక ముసలమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. కీబోర్డు వాయించే ఆయన వెనకనుంచి మెల్లగా రాగం అందుకున్నాడు. (సాక్ష్యాలన్నీ ఒకప్పుడు నేనెంత చెడ్డవాణ్ణో అనే మొదలవుతాయట. నేనెంత గట్టిగా దేవుణ్ణి కాదంటే, నా సాక్ష్యం అంత బాగా కుదురుతోందన్నమాట.) మొదటి ప్రశ్నకు హల్లెలూయ, రెండో ప్రశ్నకు ఆమెన్. మామ ముందు వరుసలో ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నవ్వుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. వీళ్ళ నోళ్ళు మూయించే ప్రశ్న ఏదా అని వెతికి, ఆరోది అందుకున్నాను.

“ఒక చిన్నబిడ్డకు జ్వరం వచ్చింది అనుకోండి. అమ్మా నాయనా తిండి మాని ప్రార్థన చేసినారు. ఆస్పత్రికీ తీస్కపోయినారు. అయినా బిడ్డ బతకలే. ఆ పొద్దు మీ దేవుడు యాడికి పోయినాడు?”

ఎవరూ స్తోత్రం అనలేదు. కీబోర్డు ఆగిపోయింది. అందరూ మామ వైపు చూస్తున్నారు. మామ తల వంచుకుని తన చేతుల్ని చూసుకుంటున్నాడు. ఏం చేశానో నాకింకా తెలియదు గానీ, చేయకూడనిదేదో చేశానని మాత్రం తెలిసింది.

ఆడవాళ్ళ వైపు నుంచి అత్త లేచింది. మైకు అడగలేదు. “ఆ మాట మేం ఇరవై ఏండ్లుగా దినామూ అడుగుతాండాం నాయనా. ఇంగా జవాబు రాలే. అడిగేది మాత్రం మేం మానలే. మేం ప్రార్థన అనేది దాన్నే” అంది. తర్వాత చెంగు సర్దుకుని, “ఇంగ రెండు నిమిషాల్లో ముగించు. నీకు పొద్దన్నుంచి కడుపులో ఏమీ ల్యా” అని కూర్చుంది. నేను ఏడో ప్రశ్న అడగలేదు. మైకు పాస్టరయ్య చేతికిచ్చి, తల వంచుకుని వచ్చి మామ పక్కన కూర్చున్నాను. ఆయన వార్నిష్ వాసన వేసే చెయ్యి నా మోకాలి మీద వేసి, ఆరాధన అయిపోయేదాకా తీయలేదు. సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. ముసలమ్మ దాన్ని చూసి మళ్ళీ స్తోత్రం అంది.

ఇంటికి నడుస్తూ క్షమించమని అడిగాను. “దేనికప్పా?” అన్నాడు మామ. “మా మొగం సూసి మొగమాటపడి ఆ మాట ఇన్నేండ్లూ ఒక్కరూ ఎత్తలే. నాకు గుండెకాయ కొంచెం తేలికయింది.” ఈ విశ్వం ఎట్లా పుట్టిందని రెండేళ్ళు నిలదీసిన నేను, మీకు పిల్లలెందరని వాళ్ళను ఒక్కసారీ అడగలేదు.

ఇప్పుడు పులివెందులలో పాఠాలు చెప్పుకుంటున్నాను. నాకు దేవుడి మీద నమ్మకం కుదరలేదు, మామకు నా మీద ఆశ పోలేదు, జమ్మలమడుగు పోయినప్పుడల్లా వసారాలో కూర్చుని పోట్లాడుకుంటూనే ఉంటాం. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏడు ప్రశ్నలతో చర్చికి బయలుదేరిన ఆ కుర్రవాణ్ణి తలచుకుంటే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది, అంతలోనే జాలేస్తుంది. అయితే వాడు ఆ మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, బుక్కులో లేని ప్రశ్న ఒకటి అడిగాడు. “పాప పేరేంది అత్తా?” అని.

అత్త పేరు చెప్పింది. నాలుగేళ్ళ పిల్లట. ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి, దేవుడు ఏం తింటాడు, యాడ పండుకుంటాడు అని పాస్టరయ్యనే ఉక్కిరిబిక్కిరి చేసేదట. చెబుతూ చెబుతూ నవ్వింది. “అచ్చం నీ మాదిరే, శానా మొండిది” అంది. నా వాదనలకు అంతకంటే మంచి మెప్పు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.