తిరిగి ఇచ్చిన వక్కాకు

కొవిడ్ ఆంక్షలు సడలి, విదేశీ విమానాలు మళ్ళీ తిరగడం మొదలైన ఏడాది వేసవిలో నన్ను ఆదోని సబ్ డివిజన్‌కు డీఎస్పీగా వేశారు. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పెద్ద పోస్టింగు. మాది గుంటూరు వైపు. మిరప కోతల కాలంలో పిల్లాపాపలతో, వంట సామాన్లతో లారీల్లోంచి మా ఊరి పొలాల్లోకి దిగే కూలీలను చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. వాళ్ళలో చాలామంది ఆదోని, ఎమ్మిగనూరు, కౌతాళం చుట్టుపక్కల మెట్ట పల్లెల వాళ్ళని మాత్రం ఇక్కడికి వచ్చాకే తెలిసింది. ఆ వలసను ఇక్కడ సుగ్గి అంటారు. కూలీలను పోగు చేసి తీసుకెళ్ళి, పని అయ్యాక తిరిగి తెచ్చే మనిషిని మేస్త్రీ అంటారు.

నేను చేరిన కొద్ది రోజులకే నా బల్ల మీదికి వచ్చిన కేసు మారెప్ప అనే మేస్త్రీది. కౌతాళం మండలం మనిషి. ఏళ్ళ తరబడి సుగ్గికి జనాన్ని తీసుకెళ్ళి, ఆ నమ్మకం మీదే గల్ఫ్‌కు ఆడవాళ్ళను ఇంటిపనికి పంపడం మొదలుపెట్టాడు. తనూ అక్కడే మకాం పెట్టాడు. దిగగానే పాస్‌పోర్టులు లాక్కోవడం, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి అమ్మేసినట్టు మార్చడం, ఫోను లేకుండా గదిలో పెట్టి తాళం వేయించడం అతని పద్ధతి.

అతను పంపిన వాళ్ళలో ఈరమ్మ, ఆమె వదిన సరోజ ఒకే విమానంలో వెళ్ళారు. ఈరమ్మ గోడ దూకి మన రాయబార కార్యాలయం చేరింది, వాళ్ళు ఇంటికి పంపారు. సరోజ రాలేదు. ఆమెను ఏ ఊళ్ళో ఏ ఇంటికి మార్చారో మారెప్ప ఒక్కడికే తెలుసు. ఈరమ్మ ఫిర్యాదు మీద మనుషుల అక్రమ రవాణా సెక్షన్ కింద కేసు కట్టాం. రెడ్ నోటీసు పోయింది. అంటే ఇతను మాకు కావలసిన మనిషి, కనబడితే చెప్పండని దేశాలన్నిటికీ తెలియజేయడం. నేను ఆశలు వదులుకున్నాక ఒక రోజు కబురొచ్చింది: మారెప్ప అక్కడ పట్టుబడ్డాడు.

సినిమాల్లో అయితే మేం విమానం ఎక్కి వెళ్ళి చొక్కా పట్టుకుని తెచ్చేస్తాం. నిజంగా అయితే పరాయి దేశంలో మన పోలీసుకు ఒక ప్రశ్న అడిగే హక్కు కూడా లేదు. రెండు దేశాల మధ్య అప్పగింత ఒప్పందం ఉండాలి. మనం చెప్పే నేరం అక్కడి చట్టంలోనూ నేరమే అయి ఉండాలి. ఇక్కడి కోర్టు వారంటు, నేరం జరిగిందనడానికి ఆధారాలు, మనిషి ఇతనేననే రుజువు, అన్నీ వాళ్ళ భాషలోకి అనువదించి, మన విదేశాంగ శాఖ ద్వారా పంపాలి. ఏయే నేరాలకు అడిగామో వాటికే తర్వాత ఇక్కడ విచారణ జరపాలి, మరిచిపోయినదాన్ని తీరిగ్గా చేర్చడం కుదరదు. ఈ కాగితాలు చేరేదాకా అక్కడి ప్రభుత్వం మనిషిని తాత్కాలికంగా అదుపులో ఉంచుతుంది. దానికో గడువు ఉంటుంది. గడువు దాటితే వదిలేస్తారు. వదిలేస్తే మారెప్ప మరో దేశానికి జారుకుంటాడు, సరోజ జాడ అతనితోనే పోతుంది.

మా దగ్గర లేనిదల్లా ఈరమ్మ మేజిస్ట్రేటు ముందు ఇచ్చే వాంగ్మూలం. పోలీసులకు చెప్పిన మాటకు పరాయి కోర్టులో అంత బరువు ఉండదు. ప్రమాణం చేసి మేజిస్ట్రేటు ముందు చెప్పినదైతే దాన్ని తోసెయ్యడం కష్టం. ఎమ్మిగనూరు కోర్టులో నమోదు చేసేందుకు ఏర్పాటైంది. ఈరమ్మ వచ్చింది, కోర్టు మెట్ల దాకా నడిచింది. మెట్ల దగ్గర ఆగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వెనక్కి తిరిగి బస్టాండు వైపు వెళ్ళిపోయింది. మేజిస్ట్రేటు దయతలచి ఇంకో రోజు ఇచ్చారు. ఆ రోజు అసలు రానే లేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని కానిస్టేబుళ్ళు నా వెనక చెప్పుకునేవాళ్ళు. ఆ రోజు నా ముందే చెప్పుకునే పరిస్థితి వచ్చింది. ఎవడో బెదిరించాడు, లేదా ఎవడో చేతులు తడిపాడు. మా వృత్తిలో సాక్షి జారిపోతే ఇంకో ఆలోచన రాదు. హెడ్ కానిస్టేబుల్ బసవరాజును వెంటబెట్టుకుని నేరుగా ఈరమ్మ ఊరికి వెళ్ళి ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని ఒంటికాలి మీద లేచాను.

“ఎవరు బెదిరించారో చెప్పు. వాడి సంగతి నేను చూస్తాను.”

“ఎవురూ బెదిరిచ్చలే మేడం.”

“మరి? మీ వదిన ఇంటికి రావడం నీకు ఇష్టం లేదా?”

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఈరమ్మ భోరుమంది. పక్కనే నిలబడిన ఆమె అన్న, అంటే సరోజ మొగుడు వీరేశు, గోడ వైపు తిరిగాడు. బసవరాజు మెల్లగా, “ఏందమ్మా సంగతి, మేడమ్‌కు సెప్పు. ఆమె అరుస్తాది గానీ కరసదు” అన్నాడు. నా ఎదురుగానే! ఈరమ్మ ఏడుస్తూనే నవ్వింది. అప్పుడు బయటపడింది.

“వాని చేతి వక్కాకు తీస్కున్యా మేడం. నేనూ తీస్కున్యా, మా వదినా తీస్కున్యాది. ఎట్ల సెప్పేది వాని మీద?”

వక్కాకు అంటే తమలపాకులు, వక్క. సుగ్గికి బయలుదేరే ముందు మేస్త్రీ ఇంటికి వచ్చి గడప దగ్గర ఆడమనిషి చేతిలో వక్కాకు పెడతాడట. అది తీసుకుంటే మాట ఇచ్చినట్టు. పని ముగిసేదాకా అతన్ని విడిచిపోకూడదు, అతని మీద బయట నోరెత్తకూడదు. అతను కూడా తీసుకెళ్ళిన అందర్నీ తిరిగి వాళ్ళ గడప చేర్చాలి. గల్ఫ్‌కు పంపేటప్పుడూ మారెప్ప అదే చేశాడు. పత్రాల మీద వేలిముద్రలు వేయించుకున్నది వీసా ఏజెంటు కోసం. వాళ్ళను కట్టేసింది మాత్రం ఆ రెండాకులే.

“వాడే మాట తప్పాడు కదా, ఇంకా నీకేం కట్టుబాటు?” అన్నాను.

“నేను ఇల్లు చేరినా. మా వదిన చేరలే గదా. ఆమె ఇంకా ఆడనే ఉండగా నేను మాట తప్పితే, కీడు ఆమెకు తగులుతాది మేడం, వానికి గాదు.”

సరోజ కోసం నేను నోరు విప్పమంటున్నాను. సరోజ కోసమే ఈమె నోరు మూసుకుంది. ఇద్దరం ఒకే మనిషి కోసం ఎదురెదురుగా కూర్చున్నాం.

ఇదంతా మూఢనమ్మకం అని ఒక ఉపన్యాసం ఇవ్వగలను. ఇచ్చే మనిషినే. కానీ గడువు ముంచుకొస్తోంది, ఉపన్యాసంతో ఎవరి మనసూ అంత త్వరగా మారదు. అందుకని వేరే ప్రశ్న అడిగాను. వక్కాకు తీసుకున్నాక వద్దనుకుంటే ఏం చేస్తారు?

వీరేశు చెప్పాడు. “తిరిగి ఇయ్యొచ్చు మేడం. ఇచ్చినోని చేతికన్నా ఇయ్యాల, ల్యాకుంటే వాల్ల ఇంట్లో పెద్దోల్ల చేతికి. వాల్లు తీస్కుంటేనే మాట ఇడిసినట్ల.”

“మారెప్ప ఇంట్లో ఎవరున్నారు?”

“వాల్లమ్మ నాగమ్మ ఒక్కతే. ఆయమ్మ తీస్కుంటాదా? కన్నకొడుకు జైల్లో ఉంటే?”

మర్నాడు ఈ సంగతి ప్రాసిక్యూటరుకు చెబితే ఆయన తల పట్టుకున్నారు. ఆకులూ వక్కలూ మన పని కాదు మేడం, సాక్షిని ముద్దాయి ఇంటికి పోలీసులే తీసుకెళ్ళారని రేపు అవతలి వకీలు పట్టుకుంటాడు అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. అందుకని మేం తీసుకెళ్ళలేదు, ఇవ్వమనీ చెప్పలేదు. తిరిగి ఇవ్వాలో వద్దో వాళ్ళనే తేల్చుకోమన్నాం. ఇవ్వాలనే తేల్చుకున్నారు. ఈరమ్మ ఎమ్మిగనూరు సంతలో ఆకులు కొనుక్కుని, అన్నతో బస్సెక్కి మారెప్ప ఊరికి వెళ్ళింది. నేను మామూలు చీరలో, బసవరాజు లుంగీలో, కొంచెం ముందుగానే వెళ్ళి, నాగమ్మ వాకిట్లో మాటలు వినబడేంత దగ్గర్లో ఉన్న వీధి కొళాయి దగ్గర నిలబడ్డాం. కర్ణాటక సరిహద్దు ఊరు కదా, నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళు కన్నడంలో ఏదో అడిగితే బసవరాజు కన్నడంలోనే ఏదో చెప్పి నవ్వించాడు. నన్ను తన అక్కగా పరిచయం చేశాడని తర్వాత తెలిసింది.

నాగమ్మ వాకిట్లో కూర్చుని పత్తికాయలు ఒలుస్తోంది. ఎముకల గూడులాంటి మనిషి. ఈరమ్మ గడప బయటే నిలబడి ఆకులున్న చెయ్యి చాపింది. నాగమ్మకు అర్థం కావడానికి క్షణం పట్టలేదు. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

అయిపోయింది అనుకున్నాను. ఈరమ్మ చెయ్యి అలాగే ఉంది. వీరేశు పోదాం రమ్మన్నాడు, ఆమె కదల్లేదు. కాసేపటికి నాగమ్మ బయటికి వచ్చింది. చేతులు కడుక్కుని వచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

“సరోజ యాడుంది?” అని అడిగింది.

“నీ కొడుకుకే తెల్సు పెద్దమ్మా.”

“నీకు సెప్పలేదా? వీరేశుకన్నా సెప్పలేదా?”

“ఎవురికీ సెప్పలే.”

నాగమ్మ వీరేశు వైపు తిరిగింది. “మా ఆయన ముప్పై ఊర్ల జనాన్ని తోలకపోయినాడు, తోలకొచ్చినాడు. ఒక్క ఆడబిడ్డను దోవలో ఇడిసింది ల్యా” అంది. తర్వాత గడప మీద కూర్చుని కొంగు పరిచింది. “ఎయ్యి తల్లీ. వాడు ఇల్లు చేర్చలేదంటే ఈ వక్కాకు వానిది గాదు.”

ఈరమ్మ వేసింది. ముసలామె కొంగు ముడి వేసుకుని మళ్ళీ పత్తికాయల దగ్గరికి వెళ్ళింది. నేను కొళాయి కింద చేతులు పట్టి ముఖం కడుక్కున్నాను. ఎండ అని బసవరాజుతో అన్నాను, అతను ఔనన్నాడు.

ఎమ్మిగనూరు కోర్టులో ఈరమ్మ ఈసారి మెట్లు గబగబా ఎక్కింది. వాంగ్మూలం నమోదయ్యే గదిలో పోలీసులు ఉండకూడదు, అందుకని నేను బయట చెట్టు కింద టీ మీద టీ తాగాను. ఆమె బయటికి వచ్చి, “అంతా సెప్పినా మేడం, ఒక్కటి ఇడ్సల్యా” అంది. మిగిలినవన్నీ సిద్ధంగానే ఉన్నాయి. ఈ వాంగ్మూలం తర్జుమా కోసం అనువాదకుడి ఇంటి చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాం. కాగితాలు గడువు లోపల చేరాయి. అక్కడి కోర్టులో మారెప్ప వకీలు ఇది కూలి తగాదా, నేరం కాదు అని వాదించాడట. కోర్టు ఈరమ్మ వాంగ్మూలం చదివింది, అప్పగించమని ఉత్తర్వు ఇచ్చింది.

తీసుకురావడానికి నేనూ, ఒక ఇన్‌స్పెక్టరూ, ఇద్దరు కానిస్టేబుళ్ళూ వెళ్ళాం. యూనిఫాం లేకుండా, ఆయుధాల్లేకుండా. విమానాశ్రయంలో ఒక చిన్న గదిలో వాళ్ళ అధికారి సంతకం, నా సంతకం, అంతే. మారెప్పను మధ్య సీట్లో కూర్చోబెట్టాం. ఇంత మందిని ఏడిపించిన మనిషి విమానం లేస్తుంటే కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాడు. కోర్టు అతన్ని కొన్ని రోజులు మా కస్టడీకి ఇచ్చింది. సరోజ ఎక్కడుందని ఎన్ని రకాలుగా అడిగినా గోడకు చెప్పినట్టే ఉంది. నా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి అతనే నోరు తెరిచాడు, వెటకారంగా.

“ఈరమ్మ సెప్పిందని ఆ కాగితం మీరే రాసుకోనింటారు మేడం. ఆమె యాడ సెప్పింటాది. నా చేతి వక్కాకు తీస్కున్యాది.”

“తిరిగి ఇచ్చేసింది.”

నవ్వాడు. “ఎవురికి? నేను ఆడ జైల్లో ఉంటి గదా.”

“మీ అమ్మకు. కొంగు పరిచి తీసుకుంది. నేను చూశాను.”

మారెప్ప నవ్వు ఆగిపోయింది. నావైపు, బసవరాజువైపు మార్చి మార్చి చూశాడు. అబద్ధమేమోనని వెతికాడు. బసవరాజు తల ఊపాడు. అన్నం పెడితే తినలేదు. మర్నాడు పొద్దున టీ తెచ్చిన కానిస్టేబుల్‌తో, మేడమ్‌ను పిలవమన్నాడు. ఊరి పేరు, వీధి గుర్తులు, ఇంటి యజమాని పేరు చెప్పాడు. పోలీసులకు ముద్దాయి చెప్పిన మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. నాకు సాక్ష్యం కాదు, ఆ చిరునామా కావాలి. గంటలో రాయబార కార్యాలయానికి పంపాను.

సరోజ దొరికింది. చిక్కి సగమైంది గానీ దొరికింది. హైదరాబాదు విమానాశ్రయంలో బయటికి వచ్చే తలుపు దగ్గర ఈరమ్మ, వీరేశు నిలబడ్డారు. వదినా మరదళ్ళు ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చిన ఏడుపుకు పక్కన పూలబొకేలు పట్టుకున్న వాళ్ళంతా జరిగి దారిచ్చారు. వీరేశు సంచీ మోసుకుంటూ వెనక నడిచాడు, నాకు దండం పెట్టడం మరిచిపోయాడు. మరిచిపోవడమే బాగుంది.

విచారణ నేను రిటైరయ్యాక ముగిసింది. ఈరమ్మ, సరోజ ఇద్దరూ కోర్టులో నిలబడి చెప్పారు. శిక్ష పడింది. ఇప్పుడు ఈరమ్మే ఒక చిన్న గుంపుకు మేస్త్రీ. మా ఊరి మిరప తోటలకు కూడా వచ్చింది. వక్కాకు ఇచ్చే ముందు ఎక్కడికి పోతున్నారో, ఎవరి పొలమో ఇంటిల్లిపాదికీ చెప్పే ఇస్తుంది.

సరోజ ఇల్లు చేరిన రెండో రోజే తన వక్కాకు తిరిగి ఇవ్వడానికి వెళ్ళింది. నేను లేను, ఈరమ్మ ఫోన్లో చెప్పింది. “మేము పోయేసరికే ముసలామె గడప మీద కొంగు పరుచుకోని కూసోనుండాది మేడం. పొద్దున్నించీ అట్లనే ఉండాదంట.”

తర్వాత శిక్షణ తరగతులకు పిలిచినప్పుడల్లా కొత్త ఇన్‌స్పెక్టర్లకు నేను చెప్పింది ఇదే: సాక్షి వెనక్కి తగ్గితే, ఎవరు బెదిరించారని అడిగే ముందు, ఎవరికి మాట ఇచ్చావని అడగండి. ఆ మాటను ఎలా తిరిగి ఇవ్వాలో వాళ్ళకు తెలిసే ఉంటుంది. వాళ్ళు వెళ్ళి ఇచ్చి వచ్చేదాకా మనం కొళాయి దగ్గర నిలబడి ఆగాలి.