ఇప్పచెట్టు కింద ల్యాండింగ్

అది 1997 మార్చి చివరి వారం. అప్పుడు మేము ఖమ్మం జిల్లాలో పినపాక దాటాక వచ్చే గుట్టల్లో ఉన్నాము. ఐటీఐలో ఫిట్టర్ కోర్సు చేసి, కొన్నేళ్లు యంత్రాల బ్రేకుల మరమ్మతులో పనిచేసిన నేను, సెలవు దినాల్లో నగరం నుంచి వచ్చే మౌంటెన్ బైక్ రైడర్లకు దారి చూపేవాడిని. గేర్లూ, లావు టైర్లూ, ముందు చక్రానికి స్ప్రింగు ఫోర్కూ ఉన్న సైకిళ్లు అవి. మా ప్రాంతంలో ఆ రోజుల్లో వాటిని చూడడానికే జనం గుమిగూడేవారు.

ఈ పనిలో నాకొక నియమం ఉంది. దిగబోయే వాలును ముందు కింది నుంచి పైకి నడిచి చూస్తాను. పైనుంచి చూస్తే వాలు ఎప్పుడూ ఉన్నదానికంటే సులువుగా కనిపిస్తుంది. ఎక్కేటప్పుడు ప్రతి రాయీ కాలికి తగిలి తన సంగతి తాను చెబుతుంది. జంప్ విషయంలోనూ అంతే. సైకిల్ గాలిలోకి లేచే అంచును టేకాఫ్ అంటాము, తిరిగి నేలను తాకే చోటును ల్యాండింగ్ అంటాము. నేను మొదట పరీక్షించేది ల్యాండింగునే.

ఆ గుట్ట మీద నడుమెత్తు రాతి అంచు ఒకటి ఉంది. దాని కింద నేల వాలుగా సాగి, ఒక పెద్ద ఇప్పచెట్టు నీడలోంచి పోతుంది. నగరంలో ఒక ఆఫీసులో పనిచేసే సునీల్ అంతకు ముందరి చలికాలంలో మరో బృందంతో, గైడ్ లేకుండా వచ్చి, అక్కడే పడ్డాడు. ఆకుల కింద దాగిన రాయికి ముందు చక్రం తగిలి మెడ దగ్గరి ఎముక విరిగింది. ఎముక అతుక్కున్నా, ఆ తర్వాత చిన్న గట్టు దగ్గర కూడా అతని వేళ్లు బ్రేకును వదలడం లేదు. "అన్నా, ఈసారి కూడ దుంకకపోతే సైకిల్ అమ్మేస్త," అన్నాడు నాతో. ఆ సాయంత్రమే అతని తిరుగు ప్రయాణం.

ఆ రోజు ఉదయం నేను సైకిళ్ల బ్రేకు రబ్బర్లు సరిచేస్తుండగా, సునీలూ అతని మిత్రుడూ ముందుగా నడిచి వెళ్లారు. ల్యాండింగ్ నిండా ఇప్పపువ్వు రాలి ఉందట. జారుతుందన్న భయంతో కొమ్మలు విరిచి, పువ్వునంతా పక్కకు ఊడ్చేశారు. నేను చేరేసరికి చెట్టు యజమానురాలు కన్నమ్మ, ఖాళీ గంపతో వాళ్ల ముందు నిలబడి ఉంది. మా అడవిలో ఇప్పచెట్టు ఏ కుటుంబానిదో ఆ కుటుంబానిదే. ఎండబెట్టి వండుకునే, అమ్ముకునే ఆ పువ్వును ఇంకొకరు ముట్టరు.

"ఎవడు ఊడ్చిండు నా చెట్టు కింద?"

"మేమే అమ్మా. జర పక్కకు జరిపినం, అంతే," అన్నాడు సునీల్.

"జరిపినవా? బూడిదల కలిపినవు! మీ ఇంట్ల అన్నం గూడ గిట్లనే ఊడ్సుకొని తింటరా?"

సునీల్ నా చెవి దగ్గరికి వచ్చాడు. "అన్నా, ఎండెక్కుతది. ఒక్క జంప్ కొట్టి, తర్వాత ఏరిస్తం."

నేను ఊడ్చిన నేల మీద మడమ ఆనించి తిప్పాను. నలిగిన పువ్వు రసం, నేల మీద ఆకు కాల్చిన బూడిదతో కలిసి సబ్బులా ఉంది. బూటు జర్రున జారింది. "ఇక్కడ బ్రేకు పడితే చక్రం ఆగుతుంది, సైకిల్ ఆగదు," అన్నాను. "ముందు పువ్వు. నేల ఆరినంకనే జంప్."

ముగ్గురమూ కూర్చున్నాము. పువ్వును ఒక్కొక్కటిగా ఏరి, మట్టి దులిపి గంపలో వేశాము. సునీల్ గట్టిగా నొక్కుతుంటే కన్నమ్మ అతని చేతి మీద చిన్నగా కొట్టింది.

"పిసుకకు బిడ్డా! బర్రె పాలు పిండుతున్నవా?"

అతని మిత్రుడు పగలబడి నవ్వాడు. కన్నమ్మ కోపం అక్కడ సగం తగ్గింది.

"ఇంతకూ ఈడికెల్లి ఎందుకు దుంకుడు?" అని అడిగింది.

"పోయినసారి ఈడనే పడ్డ. బొక్క ఇరిగింది."

"అట్లయితే దుంకాలె," అంది ఆమె, అందులో సందేహానికి చోటే లేనట్టు. "నువ్వు ఆకు ఉన్నప్పుడు వచ్చినవు. పువ్వు కాలానికి మేమే ఆకు కాలుస్తం, రాళ్లు ఏరేస్తం. అగో, అన్నీ ఆడ పెట్టినం."

చెట్టు వెనక చిన్న రాళ్ల కుప్ప ఉంది. సునీల్ లేచి వెళ్లి, చాలాసేపు దాన్నే చూశాడు. తనను పడగొట్టిన రాయి వాటిలోనే ఎక్కడో ఉండాలి. తర్వాత వచ్చి, మునుపటి కంటే మెల్లగా పువ్వు ఏరసాగాడు.

ఎండ నేల మీద పడి తడి ఆరింది. మళ్లీ మడమ తిప్పి చూశాను, పట్టు దొరికింది. అతని సీటు దించి, టైర్లలో గాలి కొద్దిగా తగ్గించాను. "అంచు దాకా బ్రేకు నీ చేతిలో ఉంటుంది. అంచు దాటాక వేళ్లు తీసెయ్. పెడళ్లు సమంగా, మోచేతులు వంచి. మిగతాది వాలు చూసుకుంటుంది," అని చెప్పి కింద నిలబడ్డాను. కన్నమ్మ గంపను పక్కకు జరుపుకొని, "రా!" అని కేక వేసింది.

అంచు మీద అతని వేళ్లు విచ్చుకోవడం నాకు స్పష్టంగా కనిపించింది. రెండు చక్రాలూ ఒకేసారి వాలును తాకాయి. ఫోర్కు లోపలికి దిగి, పైకి లేచింది. సైకిల్ చెట్టు నీడ దాటి, చాలా దూరం వెళ్లి ఆగింది. సునీల్ దాన్ని అక్కడే పడుకోబెట్టి పరుగున వచ్చి, నేల మీద అప్పుడే రాలిన ఒక పువ్వును ఏరి కన్నమ్మ గంపలో వేశాడు.

నా పరీక్షలో ఆ రోజు నుంచి ఒక మెట్టు పెరిగింది. వాలు కొలవడానికి ముందు, అది ఎవరి చేతుల్లో శుభ్రపడిందో కనుక్కొని, వాళ్ల గడప దగ్గరికి రైడర్లను తీసుకువెళ్తాను. టేకాఫ్ రైడర్ ధైర్యాన్ని బట్టి ఉంటుంది. ల్యాండింగ్ మాత్రం ఎప్పుడూ ఎవరో ఒకరు మనకంటే ముందే సిద్ధం చేసిన నేల.