రెండు వేళ్ళ గుడ్డ

ఇరవై ఆరేళ్ళు దర్జీగా కత్తెర పట్టిన మనిషిని ఊరివారంతా మాస్టరుగారని పిలిచేవారు. కొత్త దేశంలో బట్టల కర్మాగారం ఆయనకిచ్చిన పేరు నలభై ఒకటో నంబరు. ఇతరులు కుట్టిన చొక్కాలకు వేలాడే దారాలను కత్తిరించడం ఆయన పని. ఉండే గదిలో ఆరుగురు; మంచంమీద లేచి కూర్చుంటే పైమంచం తలకు తగిలేది. ఐదు నెలలు వీటన్నిటినీ ఆయన ఓర్చుకున్నది ఒక్క ఆశతోనే. కటింగ్ మాస్టరు ఉద్యోగం దొరికితే భార్యనూ కూతురినీ తెచ్చుకొనే అనుమతి వస్తుంది. దారాలు కత్తిరించేవారికి, ఇస్త్రీ చేసేవారికి ఆ అనుమతి లేదు.

ఆ ఉద్యోగం ఖాళీ అయింది. పరీక్షగా కొంత గుడ్డ, కొలతల కాగితం ఇచ్చి, బడిపిల్లల లాగులు ఆరు కత్తిరించి కుట్టమన్నారు. మధ్యాహ్నానికల్లా ఆయన ముగించారు. కుట్లు గీత గీసినట్లున్నాయి. పక్క మిషన్లవారు సైతం లేచి వచ్చి చూశారు.

సూపర్‌వైజరు మన భాషవాడే. అక్కడ ఊడ్చే పనికి చేరి పైకి వచ్చినవాడు. అతడు ఒక లాగును తిరగేసి, పక్కకుట్టును వేళ్ళతో తడిమి నవ్వాడు.

"ఏంటి బాబాయ్, లోపల ఇంకో లాగు దాచావా?"

"రెండు వేళ్ళ గుడ్డ వదిలానయ్యా. ఎదిగే పిల్లలు కదా. బిగుతైతే కుట్టు విప్పి వదులు చేసుకుంటారు."

"ఎవరు విప్పేది? ఇక్కడి అమ్మలకు సూది అంటే డాక్టరే గుర్తొస్తాడు. బిగుతైతే కొత్తది కొంటారు. కొనకపోతే నువ్వూ నేనూ ఏం తింటాం?"

"కాగితంలో కొలత తప్పలేదు, చూసుకో."

"కొలత తప్పలేదు, గుడ్డ తగ్గింది. నువ్వు ఆరు తీసినచోట మావాళ్ళు ఏడు తీస్తారు."

"మళ్ళీ కుట్టి ఇస్తాను."

"పరీక్ష ఒక్కసారే బాబాయ్. పైవాళ్ళు రెండోసారి ఒప్పుకోరు. ఇస్త్రీ దగ్గర చోటుంది, పర్మనెంటు. కాదనకు. కాదంటే సంచి సర్దుకోవడమే."

గుడ్డ వృథా చేశాడని రాశారు. ముక్కగుడ్డను కూడా పారేయక జేబుకు వాడిన మనిషిమీద అంతవరకు ఎవరూ మోపని నింద అది. ఆయన దానికిందనే సంతకం పెట్టారు.

ఆదివారం ఉదయం భార్యకు ఫోను చేశారు.

"వచ్చిందా?"

"వచ్చింది. పర్మనెంటే."

"కత్తెర పనేనా?"

"అమ్మాయి చదువు మధ్యలో ఆపడమెందుకని ఆలోచిస్తున్నా. ఈ ఏడాది అక్కడే కానిద్దాం."

"అబద్ధం చెప్పాల్సి వచ్చినప్పుడే మీకు అమ్మాయి చదువు గుర్తొస్తుంది."

"ఇస్త్రీ పని ఇచ్చారు."



"వచ్చే నెల ఖాళీ చేస్తామని ఇల్లుగలావిడకు చెప్పేశానండీ. కొత్తవాళ్ళు నిన్ననే వచ్చి గదులు చూసుకుని వెళ్ళారు. ఉంటాను మరి. ఆవిడ బజారుకు వెళ్ళకముందే పోయి బతిమాలుకోవాలి."