అమ్మ పేరున వచ్చిన పొట్లం

మొన్న క్రిస్మస్ భోజనాల దగ్గర మా చెల్లెలు ఎప్పటి మాటే మళ్లీ అంది. "మా వదిన సర్చికొచ్చిన ఒక్క క్రిస్మస్సూ ఒట్టి సేతుల్తోనే వచ్చింది." మా ఇంట్లో అది పాత హాస్యం, పలావుతో పాటు ఏటా వడ్డిస్తారు. ఈసారి వదిన కూతురు కూడా పంక్తిలో ఉంది. తలెత్తకుండా అన్నం కెలుకుతూ కూర్చుంది. వదిన పోయి ఏడాది కాలేదు. ఆ మాట అబద్ధమని తెలిసినవాణ్ని అక్కడ నేనొక్కణ్నే.

అరవైల చివరి సంగతి ఇది. మాది రాజాం. మా చర్చిలో క్రిస్మస్ మధ్యాహ్నం కానుకల చెట్టు పెట్టేవారు. చెట్టంటే ఇసుక పోసిన డబ్బాలో నిలబెట్టిన సరుగుడు కొమ్మ. కానుకలు ఇళ్లలో ఇచ్చుకునేవారు కాదు. పొట్లం కట్టి, పేరు రాసి ఆ కొమ్మకు వేలాడదీసేవారు. ఒకరు నిలబడి ఫలానావారికి, ఫలానావారి నుంచి అని గట్టిగా పిలిస్తే, ఆ మనిషి అందరి మధ్య నుంచి నడిచివచ్చి పుచ్చుకోవాలి. ఒక పెద్దాయన ఏటా తన పేరున తానే సబ్బుబిళ్ల కట్టుకునేవాడు. పిలిచినప్పుడు ఆశ్చర్యపోయేవాడు కూడా.

ఆ ఏడు పిలిచే పని నాకిచ్చారు. గరివిడిలో కొత్తగా గుమాస్తా ఉద్యోగం, ఒంటిమీద టెరిలిన్ చొక్కా. పైగా నాకు పిల్లనిద్దామనుకుంటున్నవాళ్లు విజయనగరం నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మా అన్నయ్య లారీ డ్రైవరు. ఎండుచేపల లోడు కోసం సముద్రపు ఒడ్డు పల్లెకు తిరిగి తిరిగి అక్కడి పిల్లనే పెళ్లాడాడు. ఆమెవాళ్లు మా గడప తొక్కలేదు. మా అమ్మ కూడా "ఆ పిల్ల సేతి నీలు నాను ముట్టను" అని తేల్చేసింది. దేవుడి ముందు అందరూ ఒక్కటేనని స్త్రీల కూటంలో ప్రతి వారం చెప్పేది కూడా అమ్మే.

ఆ వదిన, బొట్టుతోనే, మొదటిసారి మా చర్చికొచ్చింది. ఆరాధన మొదలుకాకముందే గోడవారన నన్ను ఆపి ఒక పొట్లం చేతిలో పెట్టింది. "మరిదిగోరూ, అత్తమ్మకిది. వలనూలుతో నానే సంచి అల్లినాను, బైబిలెట్టుకోడానికి. పేరు గట్టిగా పిలవండేం. ఇంట్లో ఇత్తే తోసెత్తాది గానీ, ఇంతమంది ముందర తీసుకోకేటి సేత్తాది?" అని నవ్వింది.

పొట్లాన్ని కొమ్మకు కట్టాను. కొన్ని పేర్లు పిలిచాక అది చేతికొచ్చింది. అమ్మ వైపు చూశాను. మొహం బిగించుకుని కూర్చుంది. రానంటే? విజయనగరం వాళ్ల ముందు? పొట్లాన్ని బల్ల కింద నా చేతిసంచీలోకి జార్చి తరవాతి పేరు పిలిచాను. ఒక్కో పేరు పలికినప్పుడల్లా చాప చివర వదిన నిటారుగా అవుతోంది. కొమ్మ ఖాళీ అయింది.

జనం లేచాక అమ్మ చాప చుట్టుకుంటూ నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"ఒరే, నా పేరున ఇంకేటీ నేదా?"

"నేదమ్మా."

వదిన గుమ్మం దగ్గర నిలబడి ఉంది. విన్నది. నా మొహంలోకి చూసింది. కొంగు సవరించుకుని వెళ్లి లారీ ఎక్కింది. మళ్లీ ఏ క్రిస్మస్‌కీ రాలేదు. అన్నయ్యకు కూడా చెప్పి ఉండదు, అతను చివరిదాకా నాతో ఆప్యాయంగానే ఉన్నాడు.

అమ్మ ఎదురుచూసిందని అప్పుడే అర్థమైంది. అప్పుడైనా తీసి ఇవ్వొచ్చు. ఇస్తే దాచానని ఒప్పుకోవాలి. ఆ సాయంత్రమే అమ్మ నోట "ఒట్టి సేతులు" అన్న మాట పుట్టింది. నేను ఆ సంచిని గరివిడి తీసుకుపోయి ఉల్లిపాయలు వేసి మేకుకు తగిలించుకున్నాను. వల ముడి కదా, ఏళ్ల తరబడి చిరగలేదు. విజయనగరం సంబంధం మాత్రం కుదరలేదు.

ఆ రోజు ప్రసంగం క్రిస్మస్ నాడు పుట్టిన పసివాడికి కానుకలు తెచ్చిన తూర్పు జ్ఞానుల గురించి. వాళ్లు బంగారం, సాంబ్రాణి, బోళం ఇచ్చిన సంగతి అందరూ చెబుతారు. ఎవరో, ఏ దేవుణ్ని కొలుస్తారో తెలియని పరదేశుల చేతుల నుంచి ఆ పసివాడి తల్లి వాటిని తీసుకుంది. ఇచ్చేవాళ్లు వంగింది ఎంతో, పుచ్చుకున్నావిడ వంగిందీ అంతే. మా అమ్మకు ఆ అవకాశం వచ్చింది. ఆమె ఏం చేసేదో నాకు తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

మొన్న చేతులు కడుక్కునే చోట వదిన కూతురికి ఇదంతా చెప్పాను. తువ్వాలు నా చేతికిస్తూ, "ఇప్పుడు సెప్తే ఎవులికి బాబాయ్? అప్పుడే సెప్పుంటే మాయమ్మ ఈ పంక్తిలో కూకునేది" అంది. అందుకే ఇంటిల్లిపాదీ చదవాలని ఇది రాస్తున్నాను. ఇన్నాళ్లకు నాకు ధైర్యం వచ్చిందని ఎవరూ అనుకోవద్దు. నన్ను నిలదీయగలిగినవాళ్లను కాలం ఒక్కొక్కరినీ తీసుకుపోయింది, అంతే.